ఇంటర్‌ఫేస్ మీటర్: కొన్నేళ్లు వాడాక నా మాట

పాత పెట్రోల్ బంకులు, డీజిల్ ట్యాంకులున్న యార్డుల దగ్గర ఇంధనం నేలలోకి ఎంత దిగిందో చూసే పని నాది. ఎక్కువగా హనుమకొండ, జనగామ చుట్టుపక్కలే తిరుగుతుంటాను. భూగర్భ నీళ్లపై తేలే ఇంధనం పొర ఎంత మందం ఉందో కొలిచే ఇంటర్‌ఫేస్ మీటర్‌ను ఈ పనికి కొనాలా అని అడిగితే, కొనమనే చెబుతాను. కానీ అది చూపించే సున్నాను మాత్రం తొందరపడి నమ్మకండి.

టేపు చివర ఉండే ప్రోబ్‌ను (పసిగట్టే ముక్కను) పరిశీలన బోరులోకి, అంటే కొలవడానికే వేసిన బోరులోకి దింపుతాం. ఏదైనా ద్రవం తగిలిందని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పసిగడుతుంది. దానిలో కరెంటు పారితే నీళ్లు, పారకపోతే ఇంధనం. నా మీటరు డీజిల్ తగిలితే ఆగకుండా మోగుతుంది, నీళ్లు తగిలితే ఆగి ఆగి మోగుతుంది. డీజిల్ పైమట్టాన్ని దింపేటప్పుడు చదవాలి. కింద నీటి మట్టాన్ని మాత్రం ప్రోబ్‌ను పైకి లాగేటప్పుడే చదవాలి, ఎందుకంటే దిగేటప్పుడు అంటుకున్న డీజిల్ పూత వల్ల నీళ్లలోకి వెళ్లాక కూడా కాసేపు డీజిల్ అనే మోగుతుంది. ఈ ఒక్కటి పాటిస్తే మిల్లీమీటర్ల తేడా కూడా దొరుకుతుంది.

ఇక అసలు విషయం. మే నెలలో నీళ్లు అడుగంటినప్పుడు మట్టి రంధ్రాల్లోని డీజిల్ జారి బోరులోకి చేరుతుంది, మందం ఎక్కువగా కనిపిస్తుంది. బతుకమ్మ నాటికి నీటి మట్టం పైకొచ్చి, అదే డీజిల్‌ను మొరంలో బంధించేస్తుంది. మీటరు సున్నా చూపిస్తుంది. డీజిల్ ఎక్కడికీ పోలేదు, బెంజీన్ లాంటివి కొద్దికొద్దిగా నీళ్లలో కరుగుతూనే ఉంటాయి. తాగే నీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత తక్కువను ఈ మీటరు పట్టలేదు, ల్యాబుకు పంపాల్సిందే. వానాకాలం రీడింగ్ ఒక్కటి చూసి ‘క్లీన్’ అని రిపోర్టు రాసేస్తుంటే నాకు కోపం వస్తుంది. పక్క కాలనీలో పిల్లలు తాగే నీళ్లవి.

కాలనీ బోర్లలో ఈ మీటరు దింపి నిశ్చింతగా ఉండటమూ అంతే ప్రమాదం. మన దగ్గర బోరు వేస్తే మొరం దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దింపుతారు. తేలే డీజిల్ ఉండేది ఆ మొరంలోనే, కేసింగ్ బయట. అది లోపలికి రాదు, కరిగిన భాగం మాత్రం రాతి పగుళ్ల వెంట వస్తుంది. అందుకే పరిశీలన బోరు విడిగా వేయాలి, దాని స్లాట్ పైపు (నీళ్లు, డీజిల్ లోపలికి రావడానికి సన్నని చీలికలున్న పైపు) ఎండాకాలం మట్టానికి కింద నుంచి వానాకాలం మట్టానికి పై వరకు ఉండాలి. ఖర్చని యజమానులు గొణుగుతారు. నేనైతే ఇక్కడ బేరానికి ఒప్పుకోను.

ఇంకో లెక్క కూడా మరవొద్దు. పైన తేలే డీజిల్ బరువు నీళ్లను కిందికి నొక్కుతుంది. 50 సెంటీమీటర్ల డీజిల్ ఉంటే, దాని సాంద్రత 0.84 అనుకుంటే, నీటి మట్టం ఎత్తుకు 42 సెంటీమీటర్లు కలపాలి. కలపకపోతే నీళ్లు ఎటు పారుతున్నాయన్నదే తలకిందులు కావచ్చు. బోరులో కనిపించే మందం కూడా మట్టిలో ఉన్నదానికంటే ఎక్కువే, దాన్ని పట్టుకుని ఎన్ని లీటర్లు కారిందో లెక్కకట్టొద్దు.

వాడకంలో పెద్దగా ఇబ్బంది లేదు. టేపు గట్టిది, అంకెలు చెరగలేదు. ఒక బోరు నుంచి ఇంకో బోరుకు వెళ్లే ముందు సబ్బు నీళ్లతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, లేకపోతే మంచి బోరుకు మనమే డీజిల్ అంటిస్తాం. పెట్రోల్ ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ పుట్టకుండా ఎర్త్ క్లిప్ తగిలించాకే ప్రోబ్ దించండి. టేపు పొడవు దగ్గర పొదుపు చేయకండి. 30 మీటర్లది చవకే, కానీ ఎండాకాలంలో నీళ్లు ఎంత లోతుకు పోతాయో మనకు తెలిసిందే కదా, 60 మీటర్లదే తీసుకోండి.