ఆగిపోయిన పీఆర్‌లు: బాట్ మూసేయడం మేలా, మనమే పూర్తి చేయడం మేలా?

అనంతపురంలో మేం నలుగురం కలిసి మండలాలవారీ వానల లెక్కలు చూపే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ నడుపుతున్నాం. పీఆర్‌లు, అంటే మా కోడ్‌లో ఈ మార్పు కలపండని పంపే పుల్ రిక్వెస్టులు, ఎక్కువగా పంపేది మన సీమ ఇంజినీరింగ్ పిల్లలే. పంపుతారు, మేం రెండు మార్పులు అడుగుతాం, ఈలోపు సెమిస్టర్ పరీక్షలో ఇంటర్వ్యూలో వచ్చి పడతాయి, ఇక అలికిడి ఉండదు.

వాటిని అలాగే వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ దారి. అసలు కోడ్‌తో పొసగని చోట్లు (కాన్‌ఫ్లిక్ట్‌లు) పెరుగుతూ పోతాయి, కొత్తవాళ్లు ఆ పని ఎవరో చేస్తున్నారనుకుని ముట్టుకోరు.

బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రాం) సంగతికొస్తే, కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లోని స్టేల్ యాక్షన్‌ని సెట్టింగ్స్ మార్చకుండా పెడితే 60 రోజులు కదలిక లేని పీఆర్‌కి 'స్టేల్' (పాతబడింది) అనే లేబుల్ తగిలిస్తుంది, ఇంకో 7 రోజులకి మూసేస్తుంది. కుబెర్నెటీస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కాస్త నిదానం: 90 రోజులకి స్టేల్, మరో 30కి రాటెన్ (కుళ్లిపోయింది), ఆపైన 30కి మూత. అంత పెద్ద ప్రాజెక్టుకి అది కావాలి, కాదనను. కానీ ఆలస్యం ఎవరిదో బాట్‌కి తెలీదు. ఒక కడప అబ్బాయి తేదీల తప్పు సరిచేసి పంపాడు, అడిగినవన్నీ మార్చాడు, ముంగారు వానల్లోపు మాకు అది అవసరం కూడా, అయినా రెండు నెలలు చూడనిది మేమే. బాట్ మూసేసింది. తిరిగి తెరిచాం, క్షమించమని రాశాం, అతను మళ్లీ రాలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

అందుకే నా ఓటు మనమే పూర్తి చేయడానికి. సొంత ఫోర్క్ (ప్రాజెక్టుకి వాళ్లు తీసుకున్న నకలు) నుంచి వచ్చిన పీఆర్‌లో మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టు నడిపేవాళ్లు, మార్చుకోవచ్చనే టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది, కాబట్టి వాళ్ల బ్రాంచ్‌లోనే రీబేస్ చేసి (వాళ్ల మార్పుల్ని తాజా కోడ్ మీదికి తెచ్చి), మిగిలిన టెస్ట్ రాసి మెర్జ్ చేయొచ్చు, అంటే అసలు కోడ్‌లో కలిపేయొచ్చు. టిక్కు తీసేసి ఉంటే చెర్రీ-పిక్ చేసుకోవాలి (ఆ మార్పుల్ని ఏరి మన బ్రాంచ్‌లోకి తెచ్చుకోవాలి), అప్పుడూ కమిట్ (నమోదైన మార్పు) మీద రాసినవాళ్ల పేరే ఉంటుంది. మనం బాగా తిరగరాస్తే మాత్రం కమిట్ సందేశంలో 'కో-ఆథర్డ్-బై' (కలిసి రాసినవారు) లైనులో వాళ్ల పేరు తప్పక వేయాలి. దీనికి టైం పడుతుంది, వేరొకరి కోడ్ అర్థం చేసుకోవడానికే ఒక సాయంత్రం పోతుంది. సగం ప్రాజెక్టుని మార్చేసే భారీ పీఆర్‌కి ఈ పద్ధతి పనికిరాదు, కారణం వివరంగా రాసి మూసేయడమే మంచిది.

ఇప్పుడు మా బాట్‌లో మూసే గడువుని మైనస్ 1 చేశాం, అంటే లేబుల్ వేస్తుంది గానీ మూయదు. ఆదివారం ఒకరు ఆ లేబుల్ ఉన్నవి తెరిచి, ముందు రివ్యూ బాకీ మాదేనా అని చూస్తారు. మాది కాకపోతే పంపినవాళ్లకి రాస్తాం, పదిహేను రోజుల్లో జవాబు లేకపోతే మేమే అందుకుంటాం.