పసిబిడ్డతో బిజినెస్: సర్వీసా, సరుకా?

బిడ్డ పుట్టాక ఇంట్లోంచే ఏదైనా మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు, వచ్చిన పని చేసిపెట్టడమా, సరుకు తెచ్చి అమ్మడమా అని.

సర్వీస్‌కి పెట్టుబడి దాదాపు ఉండదు, కానీ కొత్తగా పుట్టిన పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు కదా, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో లేచి ఏడిస్తే అవతలివాళ్ళు ఎన్నిసార్లని ఊరుకుంటారు? అందుకే టైముకి కూర్చోవాల్సినవి వదిలేసి లెక్కలు రాయడం, డిజైన్లు, ప్రూఫ్ రీడింగ్ లాంటివైతే బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో అయినా లాగించొచ్చు (టైపింగ్ నత్తనడకే అనుకోండి).

సరుకైతే డబ్బు ముందే ఇరుక్కుపోతుంది, అమ్ముడుపోనిది మంచం కింద పేరుకుంటుంది. పైగా సిజేరియన్ అయితే మొదటి 6 వారాలు బిడ్డకంటే బరువైనవి ఎత్తొద్దంటారు, మరి అట్టపెట్టెలు ఎవరు మోస్తారు? ఒక్క ప్లస్ ఏంటంటే ప్యాకింగ్ ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పొచ్చు, సర్వీస్‌లో మన బదులు ఇంకొకరు కూర్చోలేరు.

నన్నడిగితే మొదటి కొన్ని నెలలు సర్వీసే, అదీ ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో, గడువు రెండ్రోజులు ఎక్కువే చెప్పి. ఇంట్లో ఇంకో మనిషి తోడుంటే మాత్రం సరుకు, అది కూడా ఆర్డర్ వచ్చాకే తెప్పించేట్టు.