గుర్రానికి ఈస్ట్ పొడి: మూడు నెలలు వాడి చూశాక

మాది ఒంగోలు పక్కన పల్లె. పెళ్లి ఊరేగింపులకు తీసుకెళ్లే తెల్ల గుర్రం ఉంది, పేరు మల్లి. మాఘమాసంలో రోజూ పెళ్లిళ్లే కదా, బలం చాలదేమోనని నానబెట్టిన శనగలు ఒక్కసారిగా రెట్టింపు చేశాను. మూడో రోజు రాత్రి ముందుకాలితో నేల గీరుతూ, డొక్క వైపు చూసుకుంటూ, చివరికి పడి పొర్లింది. గుర్రానికి వాంతి రాదు. తెల్లారేదాకా నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సూదిమందుతో కుదుటపడ్డాక డాక్టరు గారు వివరంగా చెప్పారు. గుర్రం ఆవులా నెమరు వేయదు. గడ్డిలో పీచు అరిగేది వెనక పెద్దపేగులో, అక్కడుండే సూక్ష్మజీవుల వల్ల. గింజలు ఎక్కువైతే చిన్నపేగులో అరగని పిండి అక్కడికి జారుతుంది. పులుపు పుట్టించే బాక్టీరియా పెరిగి, పీచును అరిగించేవి చచ్చిపోతాయి. అప్పుడు శూల వస్తుంది, ఒక్కోసారి గిట్టల లోపల కూడా వాస్తుంది. ఏ మేతైనా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలట. ఆ మాట నాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేది!

పీచును అరిగించే ఆ సూక్ష్మజీవులకు ఊతంగా ఆయన రాసిందే ఈ ఈస్ట్ పొడి. ఈస్ట్ అంటే బ్రెడ్ పిండి పొంగడానికి వేసే సూక్ష్మజీవే. కిలో డబ్బా 650 రూపాయలు. రోజుకు 10 గ్రాములు తడి తవుడులో కలిపి పెట్టాను, మల్లి వంక పెట్టకుండా తింది. అంతకుముందు లద్దె జారుగా, పుల్లటి వాసనతో ఉండేది. మూడో వారానికి గట్టిపడి ఉండలు ఉండలుగా పడింది. అయితే శనగలు తగ్గించి పచ్చగడ్డి, జొన్న చొప్ప పెంచింది కూడా అప్పుడే. కాబట్టి ఘనతంతా పొడికే ఇవ్వలేను.

రెండో డబ్బా మేలో వేరే షాపులో కొన్నాను. ఎండ తగిలే అరలో పెట్టారు, మూత తీస్తే గడ్డకట్టి ఉంది. బతికున్న ఈస్ట్ వేడికి చచ్చిపోతుంది, తర్వాత అది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. డబ్బా చల్లటి చోట ఉందో లేదో, తయారీ తేదీ ఏదో చూసి కొనండి.

ఇంకో సంగతి. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. గుర్రానికి అది కొంచెమైనా ప్రాణాంతకం. ‘పశువులదే కదా, పెట్టు’ అని ఎవరన్నా వినొద్దు, లేబుల్ చదవండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. గ్రాముకి బతికున్న ఈస్ట్ ఎంతో డబ్బా మీద రాయనందుకు ఒకటి తగ్గించాను.