ట్రాఫిక్ ప్రభావం: సెకన్లు లెక్కపెట్టాలా, కిలోమీటర్లా?

షాపులు, ఆఫీసులు, ఇళ్లు ఒకేచోట కలిపి కట్టే మిక్స్‌డ్ యూజ్ ప్రాజెక్టు పర్యావరణ రిపోర్టు చేతికొస్తే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ట్రాఫిక్ చాప్టర్లో జంక్షన్ ఆలస్యం చూడాలా, వాహనాలు తిరిగే దూరం చూడాలా? ఈ మధ్య ఒక ముసాయిదా మీద అభిప్రాయం రాయాల్సి వచ్చి నేనూ ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు.

మొదటిది ఇంజనీర్లకు అలవాటైన లెవెల్ ఆఫ్ సర్వీస్. 1965 నాటి అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్‌తో వచ్చిన ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా గ్రేడ్లు. సిగ్నల్ దగ్గర ఒక్కో వాహనానికి సగటు ఆలస్యం 10 సెకన్లు మించకపోతే ‘ఎ’, 80 దాటితే ‘ఎఫ్’. రెండోది వీఎంటీ, అంటే ప్రాజెక్టు వల్ల వాహనాలు తిరిగే మొత్తం దూరం. కాలిఫోర్నియా 2013లో చట్టం తెచ్చి, 2020 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా పర్యావరణ సమీక్షల్లో ఆలస్యం బదులు దూరాన్ని చూస్తోంది.

ఒకే ప్రాజెక్టుని రెండు చోట్ల పెట్టి చూద్దాం. కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు, వెయ్యి మంది కాపురం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. ఊరి నడిబొడ్డున కడితే, పక్క జంక్షన్లో ఇప్పటికే ఉన్న 70 సెకన్ల ఆలస్యం 82 అవుతుంది. ‘ఎఫ్’ గ్రేడు, ఫెయిల్. ఊరి చివర ఖాళీ రోడ్డు పక్కన కడితే 15 సెకన్లు 22 అవుతాయి. ‘సి’ గ్రేడు, పాస్. ఇక దూరం చూడండి. నడిబొడ్డున మనిషికి రోజుకు 8 కిలోమీటర్ల కారు ప్రయాణం, ఊరి చివర 26 అనుకుందాం. వెయ్యి మందికి తేడా 18,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కార్లయితే 1,200 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, రోజుకు రెండున్నర టన్నుల పైమాటే. పాసైన ప్రాజెక్టు నిర్వాకం ఇది!

ఇంకో అన్యాయం కూడా ఉంది. ఏళ్ల తరబడి కట్టిన బిల్డింగులన్నీ కలిసి ఆ జంక్షన్‌ని 70 సెకన్ల దాకా తెస్తాయి. నేరం మాత్రం ఆఖరున వచ్చినవాడి నెత్తిన పడుతుంది.

అయినా నా మట్టుకు అసలు విషయం గ్రేడు కాదు, ఫెయిలయ్యాక ఏం చేయమంటారన్నది. ఆలస్యం లెక్కలో ఫెయిలైతే సాధారణంగా వచ్చే మందు రోడ్డు వెడల్పు, లేదంటే ఇంకో టర్నింగ్ లేన్. 14 మీటర్ల రోడ్డు 21 అయిందనుకోండి. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషి దాటడానికి 12 సెకన్లు పట్టేది దాదాపు 18 అవుతుంది. చెయ్యి పట్టుకుని పిల్లాణ్ని దాటించేవాళ్లకు ఇంకా ఎక్కువ. అంటే కారులో వాళ్లకు మిగిల్చిన సెకన్లు నడిచేవాళ్ల దగ్గర లాక్కున్నట్టే. పైగా రద్దీ నగరంలో వెడల్పు చేసిన రోడ్డు ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. అదే దూరం లెక్కలో ఫెయిలైతే పార్కింగ్ తగ్గించడం, బస్సు పాసులివ్వడం, షాపుల వాటా పెంచడం లాంటి మార్గాలు వెతకాల్సి వస్తుంది. మిక్స్‌డ్ యూజ్‌కి కావలసినవి ఇవే కదా.

వీఎంటీతో తంటాలు లేవని కాదు. ఆరో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి కింద మందుల షాపుకి వెళ్లొచ్చిన మనిషి రోడ్డే ఎక్కడు. ఇలాంటి లోపలి ప్రయాణాల్ని ఎంత శాతం తీసేశారన్నది రిపోర్టులో ఏదో ఫుట్‌నోట్‌లో ఉంటుంది. అక్కడ కాస్త చెయ్యి జారితే లెక్కంతా అందంగా మారిపోతుంది. తలసరి దూరం తగ్గిందని చూపించి, మొత్తం దూరం పెరగడాన్ని దాచేవాళ్లూ ఉంటారు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూపమని అడగండి. అన్నిటికంటే పెద్ద లోటు, వీఎంటీకి చోటు తెలియదు. స్కూలు గేటు ముందు ఆగిన కార్ల పొగ ఎవరి ముక్కులోకి పోతుందో అది చెప్పదు. దానికి గాలి నాణ్యత చాప్టర్ చూడాల్సిందే.

ట్రిప్పుల సంఖ్య మాత్రమే చూసే పద్ధతి ఇంకోటుంది. చిన్న ప్రాజెక్టుల్ని జల్లెడ పట్టడానికి పనికొస్తుంది, అంతే. పార్కింగ్ చాలుతుందా అన్నది పర్యావరణ ప్రశ్నే కాదు.

నేను రాసిన అభిప్రాయంలో ప్రభావాన్ని తేల్చడానికి వీఎంటీనే తీసుకోమన్నాను. జంక్షన్ స్టడీని చింపేయమనలేదు. ప్రాజెక్టు గేటు ఎక్కడ పెట్టాలి, బస్సు ఎక్కడ ఇరుక్కుంటుంది, అంబులెన్స్ ఎటు నుంచి రావాలి అన్నవాటికి అది కావాలి. ఆ పేజీలు డిజైన్ అనుబంధంలోకి పంపమని, రోడ్డు వెడల్పుని మాత్రం ‘పర్యావరణ నష్ట నివారణ చర్య’ కింద రాయొద్దని అడిగాను.