జాగ్రత్త! ఆ నాలుగు పుస్తకాల "మౌంటీ" సెట్టు కొనకండి, అది అసలు ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ కాదు

ఎర్రకోటు ఆడ సార్జెంటు (మౌంటీ అంటే కెనడా పోలీసే), నల్ల గుర్రం, పక్కన స్టెతస్కోపు వేలాడేసుకున్న వెటర్నరీ డాక్టరమ్మ. ఏ ఇంగ్లిష్ ఈ-బుక్కుల సెట్టో ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది, ఈమధ్య ఎక్కడ చూసినా ఆ కవరే కదా. "లెస్బియన్ రొమాంటిక్ మిస్టరీ, స్లో బర్న్, నాలుగు పూర్తి నవలలు, సుఖాంతం గ్యారంటీ" అని ఊదరగొట్టారే, అదే. స్లో బర్న్ అంటే ప్రేమ మెల్లమెల్లగా రాజుకోవడం. కొనేసినవాళ్లు ముందు వాపసు పెట్టేసి తర్వాత మిగతాది చదవండి. కొననివాళ్లు తీరిగ్గా చదువుకుని నవ్వుకోండి.

అది మామూలు మగ-ఆడ ప్రేమకథ. పాత నవలలు తెచ్చి, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి, హీరోని హీరోయిన్ చేసి అమ్ముతున్నారు. వాళ్లవే పాత నవలలో, ఎవరివో ఎత్తుకొచ్చారో వాళ్లకే తెలియాలి. "హి" అంటే "షి", "హిజ్" అంటే "హర్", పేరు మార్చు, కవరు మార్చు, అయిపోయింది. మన జానర్ మీద వాళ్లు పెట్టిన శ్రమ అంతే!

ఎలా బయటపడిందో వినండి. మూడో పుస్తకం. కథ నిజానికి బాగుంది, అదే ఇంకా మండిస్తోంది. పెద్ద మొత్తానికి ఇన్సూరెన్స్ చేసిన ఒక గెల్డింగ్, అంటే వృషణాలు తీసేసిన మగగుర్రం. గుర్రాలశాల తగలబడుతుంది, కళేబరం బొగ్గవుతుంది, శాలలో పనిచేసే కుర్రాడి శవం కూడా దొరుకుతుంది. ఓనరు క్లెయిము పెడతాడు. కాలింది అసలు గుర్రం కాదని, పోలికలున్న ఒక ఆడగుర్రాన్ని తెచ్చి కట్టేశారని సార్జెంటుకి అనుమానం. ఆ అనుమానం మొదలైన తీరు చూడండి: గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు మార్చాలి. రికార్డు ప్రకారం దీనికి ఏడో వారం నడుస్తోంది, అంటే మేకుల తలలు అరిగిపోయి, డెక్క పెరిగి లాడం అంచు దాటుతూ ఉండాలి. కాలిన కళేబరం కాళ్లకేమో మేకుల తలలు చెక్కుచెదరని కొత్త లాడాలు! అసలు రాసినవాళ్లెవరోగానీ గుర్రాల దగ్గర మసిలిన మనిషే. గుర్తింపు కోసం గుర్రం ఒంట్లో పెట్టే మైక్రోచిప్ సంగతి కూడా వదల్లేదు. మెడ ఎడమ పక్క, జూలు కింద లిగమెంటులో పెడతారు, స్కానరు పెడితే పదిహేను అంకెలు చూపిస్తుంది. మంట సరిగ్గా ఆ మెడ దగ్గరే ఎక్కువగా ఎందుకు ఉందన్నది రెండో క్లూ.

ఇక సార్జెంటు లాడాలు కొట్టే ముసలాయన దగ్గరికి వెళ్తుంది. క్షమించాలి, ముసలావిడ. గడ్డం మాత్రం అలాగే ఉంది. మాటల్లో పెట్టి కదిలిస్తుంది. ఆవిడగారు కొలిమి ముందు నిలబడి, ఆ గుర్రం చాలా నెమ్మది, కాలెత్తితే కిక్కురుమనలేదు అంటూ "షి" అంటుంది. అంతే! సార్జెంటు చేతిలో పెన్ను ఆగిపోతుంది. పేజీన్నర సేపు నిశ్శబ్దం, కొలిమిలో నిప్పురవ్వలు, బయట గుర్రం సకిలింపు. అప్పుడు మెల్లగా: "నువ్వు షి అన్నావు. నా కేసులో ఉన్నది గెల్డింగ్."

పుస్తకం మొత్తానికి గుండెకాయ ఈ సీను. హంతకుణ్ణి పట్టించే ఏకైక నోరుజారుడు. కాకపోతే మొదటి పేజీ నుంచీ ఆ గుర్రం "షి"యే! సార్జెంటు "షి" అంది, డాక్టరు "షి" అంది, ఇన్సూరెన్స్ వాడు కూడా "షి" అన్నాడు. ఆ లెక్కన లాడాలు కొట్టే ఆవిడతోపాటు మొత్తం స్టేషన్‌నీ అరెస్టు చేయాలి, బేడీలు వేయాల్సిన మొదటి చెయ్యి సార్జెంటుదే. రీప్లేస్ బటన్‌కి హీరోకీ గుర్రానికీ తేడా తెలియదు కదా. హీరోని ఆడది చేసిన నొక్కుడే గెల్డింగ్‌నీ ఆడది చేసింది, దాంతో క్లూ చచ్చింది. క్లూ చచ్చిన సంగతి అమ్మినవాళ్లకి తెలియనే తెలియదు, ఎందుకంటే మార్చాక ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. మిస్టరీ అని అమ్మిన పుస్తకంలో మిస్టరీని వాళ్లే హత్య చేశారు, అదీ ఒక్క క్లిక్కుతో.

అక్కడి నుంచి వెనక్కి తిప్పి చూస్తే అడుగడుగునా ఆనవాళ్లే. "ఆ జీను ఆమెది" అనాల్సిన చోట "హర్స్" ఉండాలి, అన్నిచోట్లా ఒట్టి "హర్" ఉంది. ఇంగ్లిష్‌లో "హిజ్" రెండు పనులూ చేస్తుంది, "హర్" చేయదు, అందుకే ఇది యంత్రం మార్చిన మార్పు అని తేలిగ్గా తెలిసిపోతుంది. మొదటి ముద్దులో డాక్టరు బుగ్గకి సార్జెంటు రెండ్రోజుల గడ్డం గరుగ్గా తగులుతుంది. నాలుగో పుస్తకం చివర డాక్టరు గర్భవతి, పుట్టబోయే బిడ్డకి సార్జెంటు ముక్కు రావాలని ఇద్దరూ మురిసిపోతారు. ఐ.వి.ఎఫ్. లేదు, డోనర్ లేడు, కనీసం ఒక ఫోన్ కాల్ కూడా లేదు. సుఖాంతం గ్యారంటీ అన్నారుగా, ఇచ్చేశారు.

రెండో పుస్తకం సంగతి నవ్వొచ్చేది కాదు. కథ కెనడాలో, ఆర్.సి.ఎం.పి.లో, అంటే మౌంటీలనే ఆ దేశపు కేంద్ర పోలీసు దళంలో నడుస్తుంది. అందులో 1968 నాటి ఫ్లాష్‌బ్యాక్ ఉంది: సార్జెంటు మేనత్త, అప్పటి కానిస్టేబులు. అసలు నవలలో ఈవిడ బాబాయి అని వేరే చెప్పాలా? ఆర్.సి.ఎం.పి.లోకి ఆడవాళ్లను కానిస్టేబుళ్లుగా తీసుకున్నదే 1974 సెప్టెంబరులో, మొదటి బ్యాచ్ 32 మంది. మన మేనత్త వాళ్లకంటే ఆరేళ్ల ముందే యూనిఫాం వేసుకుని తిరుగుతోంది. తిరగడమే కాదు, చర్చిలో ఫాదర్ సమక్షంలో, పై అధికారులు చప్పట్లు కొడుతుండగా తన ప్రియురాలిని పెళ్లి కూడా చేసుకుంది. కెనడా అంతటా స్వలింగ వివాహం చట్టబద్ధమైంది 2005 జులైలో.

ఆ రోజుల్లో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 1950ల నుంచి 1990ల దాకా కెనడా సైన్యంలోంచి, ఆర్.సి.ఎం.పి.లోంచి, ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి స్వలింగ సంపర్కులన్న అనుమానంతో మనుషుల్ని వెతికి, విచారించి, వెళ్లగొట్టారు. ఆ నిఘా నడిపిన వాళ్లలో ఆర్.సి.ఎం.పి.యే ముందుంది. 1960ల్లో బొమ్మలు చూపించి కంటిపాప ఎంత పెద్దదవుతుందో కొలిచి మనిషి గుట్టు కనిపెడతామని "ఫ్రూట్ మెషీన్" అనే పరికరం కూడా తయారు చేయించారు, అది పనిచేయలేదనుకోండి. 2017 నవంబరు 28న ప్రధాని పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు, పోలీసు యూనిఫాం, ఆ కాలం అంటే కథలో భయం అక్కడుంది, ప్రేమ అక్కడుంది, అసలు సస్పెన్సే అక్కడుంది. దాన్ని బాబాయి పెళ్లి మీద స్టిక్కరు అంటించి పూడ్చేశారు.

ఈ జానర్ మంచి చేతుల్లో ఎలా నడుస్తుందో చదివేవాళ్లకి తెలుసు. దర్యాప్తు అధికారి సాక్షిని ప్రేమిస్తే కోర్టులో డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. పై అధికారికి చెబితే కేసు పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, చెప్పడమంటే తన గురించి తాను బయటపడటం కూడా. ఈ మూడు ముళ్ల మధ్యే స్లో బర్న్ పుడుతుంది. ఇందులో సార్జెంటు ఎవరికీ ఏదీ చెప్పాల్సిన అవసరమే రాదు, ఎందుకంటే అసలు నవల్లో ఆ మనిషి మగవాడు, అతనికా గొడవే లేదు. 1973లో లెస్బియన్ పుస్తకాల కోసం నాయాడ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టినవాళ్లు, తర్వాత చిన్న చిన్న ప్రచురణ సంస్థలవాళ్లు ఎడిటర్లను పెట్టి, ఒక్కో పుస్తకం పోస్టులో పంపి ఈ పాఠకుల్ని పోగేశారు. ఎల్‌జీబీటీ పుస్తకాలకిచ్చే లాంబ్డా అవార్డుల్లో ఏళ్ల తరబడి లెస్బియన్ మిస్టరీకి విడిగా విభాగమే నడిచింది. అలా పోగైన నమ్మకాన్ని ఈ సెట్టువాళ్లు ఒక ట్యాగుతో కాజేశారు.

నాలుగోది మరీ ఘోరం, అది వేరే చెయ్యి. ఎవరు రాశారో, ఏ యంత్రం రాసిందో తెలీదు. సార్జెంటు గుర్రం ఎత్తు 15.7 హ్యాండ్లట. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, చుక్క తర్వాత రాసేది మిగిలిన అంగుళాలు, కాబట్టి 15.3 తర్వాత వచ్చేది 16. చుక్క తర్వాత ఏడు వేసినవాళ్లు గుర్రాన్ని ఫొటోలో కూడా సరిగా చూసుండరు. పైగా ఆర్.సి.ఎం.పి. గుర్రాలు 16 హ్యాండ్ల పైనే ఉంటాయి. ఆ గుర్రానికి యూ అనే విషపు పొద ఆకులు పెడితే రాత్రంతా వాంతులు చేసుకుని, సార్జెంటు మూతి తుడిస్తే తెల్లారేసరికి లేచి కూర్చుంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదండీ! కడుపు పైద్వారం దగ్గర కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది, అందుకే కడుపునొప్పి గుర్రాల ప్రాణం మీదికి రావచ్చు. యూ ఆకు తింటే గుండె ఆగుతుంది. చాలాసార్లు నోట్లో ఆకు ఉండగానే చచ్చిపడి దొరుకుతాయి, మూతి తుడిచే అవకాశం ఎవరికీ దొరకదు. ఇక మౌంటీలు గుర్రాల మీద హంతకుల్ని తరమడం గురించి ఏం చెప్పాలి? ఆర్.సి.ఎం.పి. రిక్రూట్లకి గుర్రపుస్వారీ తప్పనిసరి శిక్షణ 1966లోనే ఆగిపోయింది. ఇప్పుడు వాళ్ల గుర్రాలు 32 మంది రైడర్ల మ్యూజికల్ రైడ్‌కీ, అంటే సంగీతానికి తగ్గట్టు చేసే గుర్రాల కవాతుకీ, వేడుకలకీ. నిజంగా గుర్రం మీద వీధి డ్యూటీ చేసే పోలీసు కావాలంటే టొరంటో నగర పోలీసుల్ని పెట్టుకోవాలి, వాళ్ల మౌంటెడ్ యూనిట్ 1886 నుంచీ ఉంది.

ఇవన్నీ పేజీ నంబర్లతో సహా రాసి అమ్మినవాళ్లకి పంపితే వచ్చిన జవాబు: "ప్రేమ ప్రేమే కదా, హి అయితే ఏంటి, షి అయితే ఏంటి? మీలాంటివాళ్లకి ప్రతిదాంట్లో లింగమే కనిపిస్తుంది." చూశారా! ఈ ట్యాగు పెట్టి, ఈ కవరు వేసి, ఈ పాఠకుల దగ్గరే డబ్బు తీసుకుని, అడిగితే తేడా ఏముందని మనకే పాఠం. తేడా లేనప్పుడు మార్చడం ఎందుకు? మగ సార్జెంటుతోనే అమ్ముకోవచ్చుగా? ఆ కిందనే ఇంకో వాక్యం: "నమూనా చదివే కొన్నారు కాబట్టి వాపసు ఇవ్వబడదు." చెప్పుతో కొట్టినా ఇంత నొప్పి పుట్టదు. వాపసు ఇచ్చేది దుకాణంవాళ్లు, అక్కడ ఈ సెట్టు పెట్టినవాళ్లు కాదు. అది కూడా తెలియనట్టు దబాయింపు.

ఆ నమూనా మోసం ఒక్కటి అర్థం చేసుకోండి, ఇకమీద ఏ సెట్టుకైనా పనికొస్తుంది. కొనకముందు ఉచితంగా చదివి చూడటానికి నమూనాగా మొత్తం ఫైలులో మొదటి పదో వంతు ఇస్తారనుకుందాం. నాలుగు పుస్తకాల సెట్టులో పదో వంతు అంటే మొదటి పుస్తకంలో దాదాపు నలభై శాతం. మీరు నమూనా ఎంత శ్రద్ధగా చదివినా రెండు, మూడు, నాలుగు పుస్తకాల్లో ఒక్క అక్షరం కూడా కనపడదు. వీళ్లు సరిగ్గా ఆ నలభై శాతాన్నే చేత్తో శుభ్రంగా దిద్దారు. అక్కడ గడ్డాలు లేవు, "హర్" తప్పులు లేవు. అది దాటిన మరుసటి అధ్యాయం నుంచే మొదలు.

వాపసుకి దుకాణం గడువు కొద్దిరోజులే ఉంటుంది, ఎక్కువ భాగం చదివేస్తే పేచీ పెడతారు కూడా. అందుకని నాలుగూ పూర్తి చేశాక అడుగుదామని కూర్చోకండి. కారణం దగ్గర "నచ్చలేదు" అని రాస్తే లాభం లేదు, "వివరణలో చెప్పిన సరుకు కాదు" అని రాసి, గడ్డం పేజీ, గెల్డింగ్ పేజీ స్క్రీన్‌షాట్లు పెట్టండి. సెట్టు కాకుండా విడివిడిగా అమ్ముతుంటే చివరి పుస్తకం నమూనా ముందు చూడండి.

కవరూ పేరూ మార్చి మళ్లీ పెడతారు, అనుమానం అక్కర్లేదు. చివరి పుస్తకం తెరవగానే వెతుకుడు పెట్టెలో "గెల్డింగ్" అని కొట్టండి, లేకపోతే "స్టాలియన్" (వృషణాలు తీయని మగగుర్రం) అని కొట్టండి. ఆ వాక్యంలో గుర్రాన్ని "షి" అంటే మూసేయండి.