ఆల్ప్స్‌లో నాలుగు రోజుల సైకిల్ ప్రయాణం: ద్రావా వెంటా, ఆదిజే వెంటా?

మే నెల వచ్చిందంటే జర్మనీలో ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అక్కా, నాలుగు రోజులు సెలవు పెడుతున్నాం, ఆల్ప్స్‌లో సైకిల్ మీద తిరగాలి, కొండ ఎక్కుడు మాత్రం వద్దు. ఏ దారి మేలు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాస్తున్నాను.

ఎక్కుడు వద్దంటే నది పుట్టిన చోట రైలు దిగి, నీళ్లతో పాటు కిందికి రావడమే. నేనూ మా ఆయనా అలా ద్రావా, ఆదిజే అనే రెండు నదుల వెంట తొక్కాం. పోయిన వేసవిలో మళ్లీ అవకాశం వస్తే మారుమాట లేకుండా ద్రావాకే టికెట్లు తీసుకున్నాం. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలిసిపోయింది. అయినా రెండో దానికి అన్యాయం చేయకుండా చెబుతాను.

ఈ రెంటికీ ఒక చుట్టరికం ఉంది. ఇటలీ ఉత్తరాన టోబ్లాక్ దగ్గర, సుమారు 1,200 మీటర్ల ఎత్తున, వాననీళ్లు రెండు దారులు పడతాయి. తూర్పుకు పోయేవి ద్రావాగా మారి, డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రం చేరతాయి. పడమటికి పోయేవి రెండు చిన్న నదుల మీదుగా ఆదిజేలో పడి, ఏడ్రియాటిక్ సముద్రానికి వెళతాయి. ఆదిజే అసలు పుట్టుక మాత్రం అక్కడికి చాలా పడమరగా, ఆస్ట్రియా సరిహద్దులోని రెషెన్ కనుమ దగ్గర.

అందం ఒక్కటే చూస్తే ఆదిజేదే పైచేయి, ఒప్పుకుంటాను. మొదలే 1,500 మీటర్ల ఎత్తున, సరస్సు మధ్యలో నిలబడ్డ గుడిగంట గోపురం. 1950లో ఆనకట్ట కట్టినప్పుడు గ్రౌన్ ఊరు మునిగిపోగా మిగిలింది అదొక్కటే. అక్కడి నుంచి మెరానో దాకా 80 కిలోమీటర్లు, దాదాపు 1,200 మీటర్ల దిగుడు. పైభాగంలో వాలు బాగా ఎక్కువ, కాళ్ల కంటే ముందు బ్రేకులు పట్టిన వేళ్లు నొప్పెడతాయి. తర్వాత అంతా ఆపిల్ తోటలే. రెషెన్‌కు దిగువన ఉన్న మాల్స్ నుంచి మెరానోకు రైలు ఉంది. మూతపడిన ఆ లైన్‌ను 2005లో మళ్లీ తెరిచారు. ఒక స్టేషన్లో సైకిల్ అద్దెకు తీసుకుని ఇంకో స్టేషన్లో ఇచ్చేసి పోవచ్చు కూడా.

చిక్కంతా మెరానో దాటాకే, బోల్జానో, ట్రెంటో, రోవెరెటోల మీదుగా వెరోనాకు దిగే దారిలో. అందరూ నన్ను వాలు గురించి అడుగుతారు, దూరం గురించి అడుగుతారు, గాలి గురించి ఒక్కరూ అడగరు. ఆల్ప్స్ లోయల్లో ఎండ కాసిన రోజున కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి మైదానం గాలి లోయ వెంట ఎగువకు దూసుకొస్తుంది. మనమేమో నీటితో పాటు దిగువకు పోతుంటాం. అంటే భోజనం చేసి బయల్దేరే సమయానికి సరిగ్గా ఎదురుగాలి. ఆదిజేలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. పక్కనే గార్డా సరస్సు మీద మధ్యాహ్నం దక్షిణం నుంచి లేచే గాలి, పేరు ఓరా. ఆ సరస్సు ఒడ్డున టోర్బోలేలో విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకు అదే పండగ. ట్రెంటో నుంచి కిందికి తొక్కేవాళ్లకు మాత్రం పగవాడు.

మేం ట్రెంటోలో తీరిగ్గా తిని ఒంటిగంటకు బయల్దేరాం. గట్టు మీద దారి బల్లపరుపుగా ఉంది, తారు నున్నగా ఉంది. అయినా తొక్కుతుంటే ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే ఉంది. నీడకు ఒక్క చెట్టు లేదు. పైగా జులై. బోల్జానో 262 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, వేసవిలో ఇటలీలో బాగా కాగిపోయే ఊళ్లలో అదొకటి. దాని దిగువ కూడా అంతే. రోవెరెటోలో మా ఆయన సైకిల్ గోడకు ఆనించి, "రైలు ఎన్నింటికి?" అన్నాడు. వెరోనా దాకా వెళ్లలేదు.

ద్రావాలో గాలి లేదని కాదు. కానీ పెద్ద దిగుడంతా మొదటి రోజే, టోబ్లాక్ పక్కనున్న ఇనికెన్ నుంచి ఆస్ట్రియాలోని లియెంజ్ దాకా 44 కిలోమీటర్లలో అయిపోతుంది. దిగేది సుమారు 500 మీటర్లే. లోయ ఇరుకు, చాలాచోట్ల చెట్ల నీడ. పొద్దున్నే బయల్దేరితే గాలి లేచేసరికి లియెంజ్‌లో ఐస్‌క్రీమ్ తింటూ ఉంటారు. అక్కడి నుంచి స్పిట్టల్ దాకా 70 కిలోమీటర్లను రెండు రోజులు చేసుకోండి. నాలుగో రోజు విల్లాక్. దారి పొడవునా రైలు పక్కనే ఉంటుంది.

దీనికీ లోపాలున్నాయి. జులై, ఆగస్టుల్లో ఇనికెన్-లియెంజ్ మధ్య మన తిరునాళ్ల రద్దీ. ఇటలీ కుటుంబాలు పిల్లాజెల్లాతో సైకిళ్లు అద్దెకు తీసుకుని కిందికి దిగి, రైల్లో వెనక్కి పోతాయి. జూన్‌లోనో సెప్టెంబరులోనో వెళ్లండి. లియెంజ్ తర్వాత అక్కడక్కడా కంకర దారి, సన్న టైర్లు పనికిరావు. కొండలు కూడా రెషెన్ దగ్గరలా గుండె ఝల్లుమనిపించవు.

శాకాహారులకు ఒక మాట. విల్లాక్ ఉన్న కారింథియా రాష్ట్రంలో కాస్‌నూడెల్న్ అడగండి. పాలవిరుగుడు లాంటి చీజు, బంగాళాదుంప, పుదీనా కూరి, అంచులు అచ్చం మన కజ్జికాయకు చుట్టినట్టు చుట్టి ఉడికిస్తారు. నాలుగు రోజులు బ్రెడ్డు తిన్న నోటికి ప్రాణం లేచొస్తుంది. పచ్చిమిర్చి మీరు తెచ్చుకోవాల్సిందే.

మిగతావి కూడా అడుగుతారు కాబట్టి: సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీ తీరంలోని గ్రాడో దాకా ఆల్పె ఆడ్రియా దారి చాలా బాగుంటుంది, పాత రైలు పట్టాల మీద వేసిన భాగం మరీనూ. కానీ 400 కిలోమీటర్ల పైమాట, గాస్టైన్ ఎక్కుడు ఉంది, వారం కావాలి. స్విట్జర్లాండ్‌లో రోన్ లోయ అయితే మార్టిన్యీ దగ్గర ఇదే గాలి గోల, దానికి తోడు స్విస్ ధరలు.

ఒక్క సందర్భంలో నా జవాబు మారుతుంది. సెలవు ఏప్రిల్ చివర్లో దొరికితే ఆదిజేకే వెళ్లండి. టోబ్లాక్‌లో ఇంకా చలి వదలని ఆ రోజుల్లో మెరానో పైన తోటలన్నీ తెల్లటి ఆపిల్ పూతతో ఉంటాయి. మాల్స్‌లో మొదలుపెట్టి రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు చాలు. బోల్జానోలో ఆగిపోండి, స్టేషన్ ఊరి నడుమే ఉంటుంది. మ్యూనిక్ రైల్లో సైకిల్‌కు చోటు మాత్రం ముందే రిజర్వు చేసుకోవాలి, ఉండేవి కొన్నే.