హైదరాబాద్ నుంచి డాలస్ 17 గంటలంట!

విమాన దూరాలు లెక్కగట్టి చెప్పే సైట్లు చాలా ఉన్నాయి, అందులో ఒకదాన్ని నమ్మి అమ్మతో మాట పడ్డాను. పేరు అనవసరం. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, టైమ్ చెప్తుంది. హైదరాబాద్, డాలస్ అని కొట్టాను, 14,400 కిలోమీటర్లు, 17 గంటలు అని వచ్చింది. అక్క డెలివరీకని మొదటిసారి ఒక్కతే పోతున్న అమ్మకు అదే చెప్పాను. ఆమె షుగర్ మాత్రలు, సకినాలు ఆ లెక్కనే చేతిసంచిలో పెట్టుకుని మిగతావి పెద్ద పెట్టెలో వేసేసింది.

అసలు శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానమే లేదు! ఆ ముక్క సైటులో ఎక్కడా లేదు. అది చేసేదల్లా గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర గీత గీసి, దాన్ని గంటకు 850 కిలోమీటర్ల లెక్కన భాగించడమే. మన ఊరూ డాలసూ భూమికి చెరో పక్కన ఉన్నాయి కాబట్టి ఆ గీత హిమాలయాలు, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరదాకా పోయి అటు దిగుతుంది. మ్యాపు మాత్రం భలే ఉంది, పది నిమిషాలు అదే చూస్తూ కూర్చున్నా.

అమ్మ పోయింది దుబాయ్ మీదుగా. అక్కడికి 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దుబాయ్‌లో ఐదు గంటలు పడిగాపులు. మళ్లీ అక్కణ్ణుంచి డాలస్ 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. చూడండి, దూరం పెరిగింది వెయ్యి చిల్లర కిలోమీటర్లే, టైమ్ మాత్రం 25 గంటలైంది, హనుమకొండలో రాత్రి ఎనిమిదిన్నరకు కారెక్కినప్పటి నుంచి లెక్కేస్తే 32 దాటింది. టికెట్ చూస్తే ఇంకో తికమక, ఆదివారం పొద్దున నాలుగింటికి బయల్దేరి ఆదివారం సాయంత్రం ఆరున్నరకే దిగినట్టు ఉంటుంది, ఎక్కడికక్కడ లోకల్ టైమే వేస్తారు కాబట్టి.

దిగగానే ఫోన్: "పదిహేడు గంటలే అంటివి గదరా! గోలీలు దుబాయ్ దాటినంకనే అయిపోయినయి." వీల్‌చైర్ పెట్టించాను కాబట్టి నడక బాధ తప్పింది, లేకపోతే ఇంకా నాలుగు పడేవి.

ఇంకో లోపం, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ సైటు ఒకటే టైమ్ చూపిస్తుంది. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, అందుకే డాలస్ నుంచి దుబాయ్‌కి రావడానికి పోయినప్పటికంటే గంటకు పైనే తగ్గుతుంది.

ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ మ్యాపుకే. టైమ్ కావాలంటే టికెట్ బుక్ చేసే చోట మొత్తం ప్రయాణ సమయం అని ఉంటుంది, అది చూసుకోండి. అమ్మ తిరిగి వచ్చేటప్పుడు నేను గంటలు చెప్పలేదు, ఏ మాత్ర ఎన్నింటికో డాక్టర్‌ని అడిగి ఇండియా టైమ్‌లో రాసి అక్కకు వాట్సాప్ చేశాను, మూడు రోజుల మాత్రలు చేతిసంచిలోనే పెట్టమని కూడా.